వెచ్చబెట్టమన్నది పిల్లిని కాదు

నాచారం, సోమవారం పొద్దున

ఇంటి ఓనరమ్మ శ్యామలాదేవి టీచరమ్మకు, పోయిన నెల పైపోర్షన్‌ల దిగిన ఉప్పలయ్య దండం పెట్టి రాస్తున్న.

మీకు గొంతు ఆపరేషన్ అయింది, మూడు వారాలు మాట్లాడొద్దన్నరంట గదా, అందుకే ఫోన్ జెయ్యలే. మా ఇంటామె పద్మశ్రీ పనిజేసే బట్టల దుకాణం మీ చెల్లె ఇంటి పక్కనే, ఆమెతోనే ఈ చీటీ పంపుతున్న. మీ పిల్లికి పాణం బాగలేదు. మీ వరండల దాని గిన్నె పక్కనే పడున్నది, ముక్కు కారుతున్నది. డాక్టర్ సూది ఇచ్చిండు. జలుబే, కని తింటేనే బతుకుతది అన్నడు. కోడికూర పెడితే మూతి తిప్పుకున్నది. ఏం జెయ్యాలె?

ఇట్లు,
ఉప్పలయ్య

తా.క.: కూరల ఏమన్న తక్కువైందా అని నేను తిని సూసిన. మస్తున్నది.

ఉప్పల్, సోమవారం సాయంత్రం

చిరంజీవి ఉప్పలయ్యకు ఆశీస్సులు.

మసాలా కూర వద్దు నాయనా. ఉల్లి, వెల్లుల్లి పిల్లికి విషం. ఉత్త కోడిమాంసం ఉడికించి, మెత్తగా చిదిమి, కొంచెం వెచ్చబెట్టి పెట్టు. ముక్కు మూసుకుపోతే దానికి వాసన తెలీదు, వాసన తెలియనిదే తినదు. తడిగుడ్డతో ముక్కు తుడువు. నోట్లో కుక్కకు. రేపటికీ తినకపోతే మళ్ళీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు.

ఇట్లు,
శ్యామలాదేవి

తా.క.: నాకిక్కడ మా చెల్లెలు చంద్రిక మూడు పూటలా జావ పోస్తోంది. పిల్లి బాధ నాకు తెలుసు.

నాచారం, మంగళవారం పొద్దున

టీచరమ్మకు దండాలు.

మీరు చెప్పినట్టే జేసినం. ఇంట్ల ఉల్లిగడ్డ బంద్. నేనేదో మొక్కు మొక్కిననుకొని, సూసిపోనీకి వచ్చిన మా అత్త వెంకటనర్సమ్మ ఒక్కపొద్దు వట్టింది. పిల్లిని మంచిగ వెచ్చబెట్టిన. నా మంకీ టోపీ తొడిగి, రగ్గు జుట్టిన. వెచ్చబెట్టి పెట్టు అన్నరు, ఎక్కడ పెట్టాల్నో రాయలే. ఎండ వస్తదని మెట్ల మీద పెట్టిన. ఉడికిన కోడి ఫ్రిజ్‌ల నుంచి తీసి ఇస్తే ఒక్కసారి నాకి వదిలేసింది.

ఇట్లు,
ఉప్పలయ్య

తా.క.: టోపీల దాన్ని సూసి గల్లీ కుక్క మొరగలే. గుర్తువట్టలేదనుకుంట.

ఉప్పల్, మంగళవారం సాయంత్రం

ఉప్పలయ్యకు ఆశీస్సులు.

వెచ్చబెట్టమన్నది తిండిని, పిల్లిని కాదు. నన్ను నవ్వొద్దని కూడా డాక్టరు చెప్పాడు, ఆ సంగతి నీ ఉత్తరం అయిపోయాక గుర్తొచ్చింది. అది ఒక్కసారైనా నాకిందంటే ఆశ ఉంది. ఈ పూటే డాక్టరుకి చూపించు. ఇంటికి తెచ్చాక దగ్గర కూర్చుని, గోరువెచ్చని మాంసం వేలికి రాసి మూతి దగ్గర పెట్టు. మెల్లగా ఏదైనా మాట్లాడు. ఎంత తింటే అంత. గంటాగి ఇంకొంచెం.

ఇట్లు,
శ్యామలాదేవి

తా.క.: ఆస్పత్రికి టోపీ తీసేసి తీసుకెళ్ళు.

నాచారం, గురువారం పొద్దున

టీచరమ్మా, తిన్నది.

డాక్టర్ సెలైన్ ఎక్కించిండు. ఇంటికి తెచ్చి పక్కన కూసున్న. పిల్లితోని ఏం మాట్లాడాల్నో తెల్వలే. మా ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ సంగతి చెప్తే నిద్రవోయింది. ఇంకేం లేక మీ ఉత్తరం తీసి చదివిన. సగంల ఉండంగ లేసి నా వేలు నాకింది. నిన్న మూడుసార్లు పెట్టిన, మూడుసార్లు తిన్నది. నాకు కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్. ఈ సంగతి పద్మశ్రీకి చెప్పకుండ్రి.

మీరొచ్చేదాక మీ పిల్లిని పాణం లెక్క సూసుకుంట.

ఇట్లు,
ఉప్పలయ్య

తా.క.: తెచ్చేది పద్మశ్రీనే గాబట్టి కవరు అంటించిన.

ఉప్పల్, గురువారం సాయంత్రం

నాయనా ఉప్పలయ్యా,

నీ దగ్గర ఒక మాట దాచాను. నాకు పిల్లి లేదు.

ఆ గిన్నె మా మల్లిది. పోయిన ఏడాది దానికీ ఇలాగే జలుబు చేసి తిండి మానేసింది. ఆకలైతే అదే తింటుందిలే అని ఊరుకున్నాను. నీకు రాసినవన్నీ అది పోయాక తెలుసుకున్నవి. గిన్నె తీసేయడానికి మాత్రం చేతులు రాలేదు. నువ్వు 'మీ పిల్లి' అని రాయగానే, కాదని రాద్దామని కలం తీశాను. ఎవరిదీ కాదంటే వదిలేస్తావేమోనని భయమేసింది. నువ్వెలాంటివాడివో అప్పటికి నాకు తెలీదు.

అది నీ పిల్లే. పగలు మీరిద్దరూ పనికెళ్ళినప్పుడు నా దగ్గర వదులు, చాలు.

ఇట్లు,
శ్యామలాదేవి

తా.క.: మల్లి పోయిన బాధలో, 'కిరాయిదారులు పిల్లుల్ని పెంచరాదు' అని అగ్రిమెంటులో నేనే రాయించాను. నా కాపీలో కొట్టేశాను. నీ కాపీలో నువ్వు కొట్టెయ్.