తమ్మకాయ గింజల గురించి, చిన్నాయనకు

చిన్నాయనా,

బాగున్నావా అని అడగలేను. నువ్వు పోయి పదకొండు నెలలైంది. ఇన్నాళ్ళూ ఒక్క ముక్క రాయలేదు. ఏం మొహం పెట్టుకుని రాయను?

నా థీసిస్ అయిపోయింది. వరంగల్‌లోనే టైపు చేయించి, బైండింగ్ వేయించి ఇచ్చేశాను. వైవాలో ఎగ్జామినర్ మెచ్చుకున్నాడు, మా సారు మిఠాయిలు పంచాడు. నాన్న పోయాక నువ్వు చదివించిన పిల్లను ఇక డాక్టర్ అంటారట. నీకు నవ్వు రావడం లేదూ?

ఆ దసరాకు మీ డోర్నకల్ క్వార్టర్‌కు వచ్చినప్పుడు నేను నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. నీ మెడలో గడ్డలు లింఫోమా అనే క్యాన్సర్ అని తేలి, హైదరాబాద్ దవాఖానలో ఇంజక్షన్లు మొదలై అప్పటికి నాలుగు నెలలు. గడ్డలు కరుగుతున్నాయి. రైల్వే పాస్ మీద పోయి, వాంతులు చేసుకుంటూ తిరిగొచ్చి, మళ్ళీ పాయింట్స్‌మన్ డ్యూటీకి ఎక్కుతున్నావు. నీకు ధైర్యం చెబుదామనుకున్నాను... కాదు, అబద్ధం. గొప్పలు చెప్పుకుందామనుకున్నాను. కంచె మీద పాకిన తమ్మకాయ తీగ చూపించి, ఈ గింజలోంచి నేను తీసే ప్రోటీన్ నీ జబ్బు కణాలనే చంపుతోంది, కళ్ళారా చూశాను అన్నాను.

చూసింది నిజమే. అవి ఎలుక లింఫోమా కణాలు, గాజు పళ్ళెంలో. కణం ఒంటి మీద చక్కెరలుంటాయి. ఈ ప్రోటీన్ వాటిని పట్టుకుంటుంది, పట్టుకున్నాక కణం చస్తుంది. చచ్చినవి మేం వేసిన నీలి రంగు పీల్చుకుంటాయి. పళ్ళెంలో ముందే కాస్త గ్లూకోజు కలిపామా, ప్రోటీన్ దాన్ని పట్టుకుని కణాన్ని వదిలేస్తుంది. అంత సన్నటి వ్యవహారం. ఇక పచ్చి గింజ మింగితే అది మెడ దాకా పోనే పోదు. పేగు గోడ మీది చక్కెరలనే పట్టుకుని అక్కడే పాడు చేస్తుంది. ఇదంతా నాకు తెలుసు. ఆ రోజు ఈ సగం చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు చిన్నాయనా?

మన ఇంట్లో కామెర్లకైనా, కుక్క కరిచినా పరగడుపున ఏదో ఒకటి నూరి మింగడమే కదా. నువ్వూ అదే చేశావు. గింజలు నానబెట్టి, పచ్చివే నూరి, బెల్లం కలుపుకుని మింగావు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఎవరైనా భయపడి మానేస్తారు. నువ్వేమో సంబరపడ్డావు.

"ఆ సూది గూడ కక్కిస్తది, ఈ గింజ గూడ కక్కిస్తాంది. మందు పట్టినట్టే గదనే!" అన్నావట చిన్నమ్మతో. హైదరాబాద్ పోవడం మానేశావు. నాకు కార్డు రాయనీయకుండా చిన్నమ్మ నోరు కూడా కట్టేశావు. "మంచిగైనంక నేనే వరంగల్ పోయి బిడ్డకు మెడ చూపిస్త" అని.

నేను మళ్ళీ వచ్చేసరికి గడ్డలు పెరిగి నీకు మెడ తిప్పడమే కష్టమైపోయింది. అప్పుడు కూడా నన్నే ఓదార్చావు. "ఫికర్ చెయ్యకు. డాక్టర్లకేం ఎర్క? నా బిడ్డ చదివింది" అన్నావు. తిట్టినా ఇంత మండేది కాదు.

థీసిస్ చివర, ఈ ప్రోటీన్ మందుగా పనికొచ్చే అవకాశం ఉందని ఒక వాక్యం రాయమన్నాడు సారు. రాశాను. కింద సంతకం కూడా పెట్టాను. చూడు, ఎంత బాగా చదివించావో!

ఇప్పుడు అసలు సంగతి. చిన్నమ్మ రాయించిన కార్డు నిన్న అందింది. పక్క క్వార్టర్ గ్యాంగ్‌మన్ భార్యకు మెడలో నీలాంటి గడ్డలే వచ్చాయట, డాక్టర్లు హైదరాబాద్ పొమ్మన్నారట. చిన్నమ్మ దాచిపెట్టిన గింజలు తీసి ఆమెకిచ్చిందట. మా బిడ్డ కనిపెట్టిన మందు, మా ఆయన చివరి నాలుగు నెలలు బతికింది వీటితోనే అని చెప్పిందట. సోమవారం మంచిరోజని ఆ రోజు మొదలుపెడుతుందట.

చిన్నమ్మకు మిగిలింది ఆ నమ్మకం ఒక్కటే... నువ్వు చేయగలిగిందంతా చేశావని. దాన్నే నేను పీకేయాలి. నా మాట నమ్మి, పనిచేస్తున్న మందు వదిలేసి పోయావని ఆమె ఎదురుగా కూర్చుని చెప్పాలి. తర్వాత నన్ను గడప తొక్కనిస్తుందా? నువ్వుంటే సర్దిచెప్పేవాడివేమో. నువ్వుంటే ఈ గొడవే లేదు.

ఏదో వంక పెట్టి ఆ గింజలు తెచ్చేసుకుంటే సరిపోతుందని కూడా ఆలోచించాను. కానీ సగమే చెప్పి నిన్ను పోగొట్టుకున్నాను.

రేపు ఆదివారం. పొద్దున బండికి డోర్నకల్ పోతాను. ఇద్దరినీ కూర్చోబెట్టి మొత్తం చెబుతాను. గ్యాంగ్‌మన్ భార్యను నేనే హైదరాబాద్ తీసుకెళ్తాను, చిన్నమ్మ నా మొహం చూసినా చూడకపోయినా.

నువ్వు నమ్మిన బిడ్డ,
సుజాత