దోసిట్లో పోసిన నీళ్ళు

బావా,

నువ్వు పోయి ఏడాదైంది. నిన్న నీ కూతుర్ని ఇంగ్లీషు సినిమాకి తీసుకెళ్ళాను. అందులో నల్లవాడని ఒక ఆటగాణ్ణి జట్టువాళ్ళు పక్కన కూర్చోనివ్వరు. మా ముందు సీట్లో, కంచరపాలెంలో నువ్వాడిన ఫుట్‌బాల్ క్లబ్బు సెక్రటరీ రుమాలు తడిసేలా ఏడుస్తున్నాడు. నువ్వు గోలు కొట్టొచ్చినా కులం చూసి, గ్లాసివ్వకుండా దోసిట్లో నీళ్ళు పోయించిన పెద్దమనిషి!

ఇంటర్వెల్లో ఆ పెద్దమనిషే వచ్చి క్యాంటీన్ కుర్రాణ్ణి నీళ్ళడిగాడు. ఉన్న ఒక్క గ్లాసూ పాప చేతికిచ్చి, జగ్గు నేనెత్తాను.

"దోసిలి పట్టండి బాబూ."

"గ్లాసు లేదేటి?"

"మా బావకీ మీరిచ్చీవోరు కాదు కదండీ."

"ఎవుడ్రా మీ బావ?"

ఆ వెధవకి నువ్వు గుర్తే లేవు బావా.

పాపే గ్లాసు దించి, "మా నాన్న," అంది.

అప్పుడు పోశాను, నెత్తి మీద.