పొయ్యి దగ్గర ఆడిన అబద్ధం

కాశింబీ అక్కకు,

నీ తమ్ముడు నాగుల్ మీరా సలాం చెప్పి రాసేది. అల్లా దయవల్ల నేను ఇక్కడ క్షేమం. నువ్వు, బావ, పిల్లలు ఎలా ఉన్నారు? నీ మోకాలి నొప్పి తగ్గిందా? మాచర్లలో ఇప్పుడు పత్తి తీతలు సాగుతుంటాయి. బావకు షాపులో స్ప్రేయర్ల రిపేర్లతో తీరిక ఉండదు.

మూడు వారాలుగా ఫోన్ లేదని కంగారు పడుతుంటావు. పడొద్దు. ఒంట్లో బాగానే ఉంది, తిండికి లోటు లేదు. మంచు పడి కిందికి వెళ్ళే దారి మూసుకుపోయింది, అంతే. పైన కొండ మలుపులో నిలబడితే కాస్త సిగ్నల్ దొరికేది. ఇప్పుడు ఆ మలుపు దాకా కూడా పోలేము, అందుకని ఫోన్లు చార్జింగ్ పెట్టడం కూడా మానేశాము. రోడ్డు పనికి వచ్చిన పదకొండు మందిమి ఒకే రేకుల షెడ్డులో ఉంటున్నాము. కిటికీ సగం దాకా మంచే. పొద్దున్నే పారతో తవ్వితే గాని తలుపు తెరుచుకోదు. కష్టపడి తవ్వి బయటికి పోయినా పది అడుగులు వేసి మళ్ళీ లోపలికే రావాలి. ఒకరి దగ్గు, ఒకరి గురక, ఒకరి చెప్పుల వాసన, అన్నీ అందరివీ అయిపోయాయి. రోజూ బంగాళదుంప, పప్పు, రొట్టె. నకరికల్లు యేసురత్నం అన్న మాకు వంట చేస్తాడని చెప్పాను కదా. నిన్న రొట్టెలు కాలుస్తూ అడిగాడు.

"ఒరేయ్ మీరా, ఇయ్యాల ఏం వారంరా?"

"తెలవదన్నా."

"ఆదివారమైతే ప్రార్థన చేసుకుందామని."

చివరికి ఆదివారమే అనుకుని చేసుకున్నాడు. నేను కూడా పక్కన కూర్చున్నాను.

అక్కా, ఇప్పుడు చెప్పబోయేది ఎవరికీ చెప్పలేదు. సిగ్నల్ ఉన్నా ఫోన్‌లో చెప్పలేను, చుట్టూ మనుషులుంటారు. ముందు నువ్వొక్కదానివే చదువు. బావకు తరవాత చెబుదువు.

మంచు మొదలవ్వక ముందు, కొండలెక్కడానికి వచ్చిన ఇద్దరు విదేశీయులు మా దగ్గర మూడు రోజులు తిని, పోతూ పోతూ ఒక చిన్న పొయ్యి ఇచ్చి వెళ్ళారు. పాల క్యాన్ అంత ఉంటుంది. పుల్లలు, చెక్క ముక్కలు వేసి మండిస్తే దాని మీద టీ కాగుతుంది, పక్కనున్న డబ్బాలోంచి ఫోన్ కూడా చార్జింగ్ అవుతుంది. ఆ డబ్బాలో బిళ్ళలాంటిది ఒకటి ఉంది. దానికి ఒక పక్క మంట వేడి తగలాలి, రెండో పక్క చల్లగా ఉండాలి, అప్పుడే కరెంటు పుడుతుంది. చల్లబరచడానికి, మంటకు గాలి ఊదడానికి లోపల చిన్న ఫ్యాను. బావకు చూపిస్తే రోజంతా విప్పి చూసేవాడు. జనరేటర్‌కు డీజిల్ అయిపోయాక మా ఫోన్లకు, సూపర్‌వైజర్ వైర్‌లెస్ సెట్టుకు ఆ పొయ్యే ఆధారమైంది. కింది ఆఫీసుతో ఆయన మాట్లాడేది ఆ సెట్టులోనే.

ఒక ఆదివారం ఫ్యాను ఆగిపోయింది. మెకానిక్కుని కదా, నా చేతికిచ్చారు. విప్పి చూస్తే వెంట్రుకంత వైరు తెగింది. మేకు కాల్చి అతికిస్తే పది నిమిషాల పని. సూపర్‌వైజర్ నా వెనకే నిలబడి అన్నాడు, "సెట్టు పనిచేయకుండా ఇక్కడ ఉండకూడదు. శుక్రవారం దాకా చూద్దాం. కాకపోతే అందరం నడిచి దిగిపోదాం."

దిగిపోదాం అన్న మాట చెవిన పడగానే నా చేతులు ఆగిపోయాయి. ఈ కొండ మీద ఊపిరాడనట్టుండి, ఎలాగైనా దిగిపోవాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను అక్కా. నీకు ఫోన్‌లో చెప్పలేదు. "మోటారు కాలిపోయింది సార్, బాగవదు" అనేశాను.

మాతో బుధన్ అని జార్ఖండ్ మనిషి ఉన్నాడు. తొమ్మిదేళ్ళ కూతురికి గురువారం కడుపులో ఆపరేషన్. లోపలికి తీసుకెళ్ళే ముందు ఫోన్ చేస్తానని పిల్లకు మాటిచ్చాడు. అందరి ఫోన్లలాగే చచ్చిపోయిన తన ఫోన్‌ను రోజంతా చంకలో పెట్టుకునేవాడు, వెచ్చబడితే ఒక్క నిమిషమన్నా వెలుగుతుందేమోనని. మధ్యాహ్నం మలుపు దాకా ఎక్కి, బటన్ నొక్కి చూసి దిగి వచ్చేవాడు. ఒక్క మాట గట్టిగా అనలేదు. "భాయ్, ఇంకొక్కసారి చూస్తావా?" అని మాత్రం రోజూ అడిగేవాడు. నేను రోజూ విప్పి, చూసినట్టు నటించి, మూసేవాణ్ణి.

బుధవారం సాయంత్రం అతను అడగలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. యేసురత్నం అన్న నా దగ్గరికొచ్చి, "ఆ మడిసి నిన్నట్నించి ముద్ద ముట్టలేదురా. నీకు చేతనైంది ఏదన్నా ఉంటే చెయ్యి" అన్నాడు. అన్నకు నా సంగతి తెలియదు. ఊరికే అన్నాడు. నాకు మాత్రం ఇక కూర్చోబుద్ధి కాలేదు. మేకు కాల్చి వైరు అతికించాను. ఫ్యాను తిరిగింది.

గురువారం పొద్దున బుధన్ కూతురితో మాట్లాడాడు. సాయంత్రం మళ్ళీ మలుపు ఎక్కి ఫోన్ చేస్తే, ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. అతను దిగి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని అందరి ముందూ ఏడ్చాడు. సెట్టులో ఆఫీసు వాళ్ళు, "పని ఇంకా ఉంది, అక్కడే ఉండండి" అన్నారు. శుక్రవారం ఎవరూ దిగలేదు. శనివారం మంచు మొదలైంది, ఇప్పటికీ పడుతూనే ఉంది.

ఆ పొయ్యి బాగుచేయకుండా ఉంటే అందరం కింద ఉండేవాళ్ళం. బాగుచేసినందుకు వీళ్ళు నాకు ముందుగా టీ ఇస్తారు, పొయ్యి దగ్గర చోటిస్తారు. ఆ టీ పక్కవాడికి జరిపేస్తాను. తప్పు అబద్ధమాడటంలో ఉందా, బాగుచేయడంలో ఉందా అని తెల్లారి లేస్తే అదే ఆలోచన. లేచి ఎటైనా నడుద్దామంటే షెడ్డు ఆ గోడ నుంచి ఈ గోడకు పద్నాలుగు అడుగులు.

మొన్న కింది ఊరి నుంచి ఇద్దరు మంచు మీద నడిచి మందులు తెచ్చారు. తిరిగి పోతూ ఒక్కరిని వెంట తీసుకెళ్తామన్నారు. నా పేరు చెబుతారేమోనని ఆశపడ్డాను, దాచను. సూపర్‌వైజర్ నవ్వి, "మీరా పోతే పొయ్యి ఎవరు చూస్తారు?" అన్నాడు. బుధన్‌ను పంపుతున్నారు. ఈ ఉత్తరం పోస్టు చేసేది కూడా అతనే.

ఇంత దాకా రాసి లేచి వెళ్ళి అతనికి చెప్పేశాను. బూట్లు కట్టుకుంటున్నాడు. ఒక బూటు లేసు బిగించి ముడివేశాడు.

"ఎన్ని రోజులు?" అన్నాడు.

"నాలుగు."

 రెండో బూటు కట్టుకుని, బయట ఉన్నవాళ్ళను ఆగమని చెప్పి, నా వైపు చూడకుండా ఉత్తరం కోసం చెయ్యి చాచాడు. "చిరునామా సరిగ్గా రాయి" అన్నాడు. అలాగే నిలబడి ఉన్నాడు, అందుకే రాత వంకరగా పోతోంది.

నకరికల్లులో యేసురత్నం అన్న ఇంటికి ఫోన్ చేసి ఆయన బాగున్నాడని చెప్పు. బావకు, నాన్నమ్మకు నా సలాం. పిల్లలకు ముద్దులు. నా కోసం దువా చెయ్యి, బుధన్ కూతురి కోసం కూడా చెయ్యి. ఈ కాగితం నీ చేతికి అందిందంటే, అతను దీన్ని దారిలో పారేయలేదని అర్థం. ఆ సంగతి నాకు ఇక్కడ తెలిసే దారి లేదు.

నీ దీవెనలు కోరే తమ్ముడు,
నాగుల్ మీరా