మిన్‌జీకి చెప్పని అర్థం

ట్రాయ్ (అమెరికా), బుధవారం

వాణక్కకు నమస్కారాలు.

ఇక్కడ నేనూ, మా ఆయనా కులాసా. నువ్వు, బావగారు, పిల్లలు ఎలా ఉన్నారు? నీ మోకాలి నొప్పి తగ్గిందా? మంచు ఇంకా కరగలేదు. చలికి నాకేం కాలేదు, బెంగపడకు.

వీసా వల్ల ఉద్యోగం చేయకూడదు కదా, ఇంట్లో తోచక లైబ్రరీలో ఇంగ్లిషు క్లాసుకు వెళుతున్నాను. ఎనిమిదేళ్ళు బడిలో ఇంగ్లిషు చెప్పినదాన్ని, అందరికన్నా నేనే ముందుంటాననుకున్నాను. టీచరమ్మ మాత్రం నన్ను "కొంచెం నిదానంగా మాట్లాడు" అంటుంది. మెచ్చుకునేదంతా మా వెనక అపార్ట్‌మెంట్‌లో ఉండే కొరియా అమ్మాయి మిన్‌జీని. ఒక్క వాక్యం చెప్పడానికి అరనిమిషం పడుతుంది ఆమెకు. క్లాసంతా ఆగి వింటారు. నాకు ఒళ్ళు మండేది.

మూడు వారాల కిందట టీచరమ్మ ఆమెను "జెలస్ స్టూడెంట్" అంది. ఇంగ్లిషు చివరి అక్షరం జెడ్‌తో రాసే జెలస్, అంటే పట్టుదలగా చదివే మనిషని. ఆ ధ్వనికి మనకులాగే కొరియా వాళ్ళకూ వేరే అక్షరం లేదు. మిన్‌జీ తన లిపిలో 'జ'తోనే రాసుకుని, బయటికి వచ్చాక నన్ను అడిగింది.

"జెలస్ అంటే అసూయ కదా? టీచర్ నన్ను అలా అన్నదా?"

నాకు తేడా తెలుసు అక్కా. అయినా "అవును" అన్నాను.

తర్వాత రెండు క్లాసులకు ఆమె రాలేదు. మొదటి రోజు టీచరమ్మ నా చేత పాఠం చదివించి బాగుందంది. సంతోషించాను. రెండో రోజు ఆ ఖాళీ కుర్చీ పక్కన కూర్చోలేకపోయాను. క్లాసు అవగానే వాళ్ళింటికి వెళ్ళాను.

తలుపు తీసి నవ్వింది. వాళ్ళ పాపకు జ్వరమట, అందుకే రాలేదట. "ఆ మాట డిక్షనరీలో చూశాను. రెండు వేరువేరు మాటలు. పాపం నీకూ తెలియదు కదా, నీకు చెప్పాలనుకున్నాను" అంది.

నా మీద జాలి. ఊరుకుంటే సరిపోయేది, ఊరుకోలేకపోయాను.

"నాకు తెలుసు. నిన్ను మెచ్చుకుంటుంటే ఓర్వలేక అబద్ధం చెప్పాను."



"ఆ రోజు నేను అన్నం తినలేదు" అంది. తర్వాత నన్ను లోపలికి రమ్మని, "సరే, ఇప్పుడు ఆ మాట పలుకు" అంది.

పలికాను. 'జ'యే వచ్చింది.

"కాదు. పళ్ళు కలుపు. తేనెటీగలాగ."

నాలుగుసార్లు ప్రయత్నించాను, రాలేదు. ఆమె ఒక్కసారికే పలికింది, ఈ దేశంలోనే పుట్టినట్టు. నన్ను క్షమించింది, టీ ఇచ్చింది. అయినా నడిచి వస్తున్నంతసేపూ నాకు గుర్తున్నది ఒక్కటే, ఆ మాట ఆమెకు వచ్చింది, నాకు రాలేదు.

ఎవరైనా ఇటు వస్తుంటే కరివేపాకు పొడి పంపు. మీ అత్తగారికి నా దండాలు. నా నాలుకా బుద్ధీ రెండూ బాగుపడాలని దీవించు.

నీ చెల్లెలు
సునీత