పంక్తిలో కుందేళ్లు

ఎమ్మిగనూరు

ప్రియమైన రాధిక వదినకు,

బస్సులో పంపిన ఐసు పెట్టెలో రెండు సీసాలున్నాయి. రెండింటిలోనూ మగకుందేళ్ల వీర్యాన్ని ద్రావణంలో కలిపి పెట్టాను. మగది దగ్గర లేకుంటే ఆడకుందేలుకు అండం విడుదల కాదు కదా, అందుకని హార్మోనూ అందులోనే వేశాను. దానికి విడిగా సూదులు వద్దన్నది నువ్వే. ఇబ్బందల్లా వీర్యంలోని ఎంజైముతోనే, అది హార్మోనును తినేస్తుంది. ఎర్రమూత సీసాలో దాన్ని అడ్డుకునే మందు కలిపాను, తెల్లమూత దాంట్లో కలపలేదు. సగం కుందేళ్లకు ఎర్రది, మిగతా సగానికి తెల్లది ఎక్కించు. తేడా కనిపిస్తేనే మా ల్యాబు సారు మందును నమ్ముతాడు.

ఈసారి చూలు నిలవనివన్నీ అమ్మేస్తానని అన్న ఫోన్లో అరిచాడు. జాగ్రత్త.

నీ ఆడబిడ్డ,
ప్రేమలత

ఆదోని

నా ముద్దుల ప్రేమకు,

ఖాళీ పెట్టెలో ఈ ఉత్తరం పెట్టి కండక్టరుకు ఇస్తున్నాను. చదివి తిట్టుకో. రెండు సీసాలూ ఒకే గిన్నెలో కలిపి అన్నింటికీ అదే ఎక్కించాను.

మరేం చేయమంటావు? ‘నెల సూస్తా. ఏది ఈనకుంటే దాన్ని కోతకు అమ్మేస్తా, యాడన్నా సెప్పుకో’ అన్నాడు మీ అన్న. తెల్లమూత వాటికి చూలు నిలవదని నీకూ తెలుసు. పంక్తిలో కూర్చోబెట్టి సగం మందికి పప్పు, సగం మందికి ఉత్త అన్నం వడ్డించడం మా అమ్మ నాకు నేర్పలేదు. నీ లెక్క చెడితే చెడనీ. ఒక్కదాన్ని కూడా కోతకు ఇవ్వను.

నీ మొండి వదిన,
రాధిక

ఎమ్మిగనూరు

వదినమ్మా,

కొంప ముంచావు. కలిపితే మందు సగానికి పలచబడుతుంది, ఇక ఎంజైము ఆగుతుందో లేదో దేవుడికే తెలియాలి.

సారుకు ఉన్నదున్నట్టు చెప్పాను. ‘సగం సగం ఏసినట్టే రాసెయ్, ఆడికి పోయి ఎవరు సూస్తారు?’ అన్నాడు. రాయనన్నాను. ‘అట్లయితే రేపట్నుంచి రావద్దు’ అన్నాడు. నా సొంత మగకుందేళ్లు రెంటినీ బుట్టలో వేసుకుని వచ్చేశాను.

నీ మీద కోపం తగ్గలేదు. అయినా నువ్వు చేయనిది చేశావని రాయడానికి నాకు చెయ్యి రాలేదు. చూలు నిలవకపోతే మాత్రం ఉత్తరం రాయకు, తట్టుకోలేను.

ప్రేమలత

ఆదోని

ప్రియమైన ప్రేమకు,

రాస్తున్నానంటే నీకు అర్థమయ్యే ఉంటుంది.

మీ అన్న కొనేవాణ్ణి వెంటబెట్టుకుని వచ్చినాడు. నేను షెడ్డు తలుపుకు అడ్డం నిలబడ్డాను. మీ అన్న నన్ను తోసుకుని లోపలికి పోయి ఆగిపోయాడు. ఈనడానికని తల్లులు పొట్టమీది బొచ్చు పీకి గూళ్లలో పరుచుకుంటున్నాయి. ‘ఈపొద్దుకు పో అప్పా’ అని వాణ్ణి పంపేశాడు. తెల్లారేసరికి ఒక్కటి తప్ప అన్నీ ఈనాయి. సగం మందే చాలిందో ఏమో, అది నువ్వే తేల్చాలి.

‘ప్రేమను ఈడికే రమ్మను, మగవాటికి ఇంకో షెడ్డు ఏస్తా’ అంటున్నాడు మీ అన్న. ఈనని దాన్ని మాత్రం అమ్ముతాడట. దాని బోను తాళంచెవి నా కొంగుకే ఉంది.

వచ్చేటప్పుడు దానికి ఎర్రమూతది తీసుకురా. ఈసారి ఒకే సీసా.

నీ రాక కోసం చూసే
రాధిక వదిన