దుబాయ్‌లో ఉన్న మనిషి

10 నవంబర్, ఆదివారం
శంషాబాద్ బస్టాండ్ పక్కన చాయ్ బండి. వడపోస్తున్న మనిషి నెత్తి మీదుగా విమానం పోతుంటే తలెత్తి చూశాడు. క్లిక్! ఏడాదంతా తిరిగినా ఇలాంటి ముఖం దొరకలేదు. అడగలేదు. అడిగితే అందరూ బిగుసుకుపోతారు. ఇన్‌స్టాలో పెట్టేశాను.

13 నవంబర్
ఇన్‌స్టాలో ఓ పెద్ద పేజీవాళ్లు ఆ ఫోటోని నా పేరుతో తమ పేజీలోనూ పెట్టుకున్నారు. కాలు నేల మీద నిలవట్లేదు. వదిన పూర్ణిమ మాత్రం, నిన్నెవడైనా అలా తీసి ఊరంతా చూపిస్తే ఊరుకుంటావా అంది. రోడ్డు మీద నిలబడ్డాక దాపరికమేంటి, పబ్లిక్ ప్లేస్ అన్నాను. పేజీలో కామెంట్లకీ అదే జవాబు రాశాను, గొప్పగా.

17 నవంబర్, ఆదివారం
మళ్లీ చాయ్ బండి దగ్గరికి వెళ్లి, సంతోషిస్తాడని ఆ మనిషికి ఫోటో చూపించాను. ఆయన చేతిలో గ్లాసు జారిపోయింది. పేరు తౌఫీక్, ఇల్లు ఇక్కడికి దగ్గర్లోనే, జల్‌పల్లిలో. గిట్లెట్ల పెట్టినవక్కా, నేను దుబాయ్‌ల ఉన్న గదా అన్నాడు.

పిచ్చివాడేమో అనుకున్నాను. కాదు. వేసవిలో ఇంటిల్లిపాదీ ఆటోల్లో వచ్చి, పూలదండలేసి ఎయిర్‌పోర్ట్‌లో సాగనంపారట. లోపల కౌంటర్‌లో వీసా దొంగదని తేలింది. వెనక్కి తిరిగితే అద్దం అవతల అందరూ ఇంకా చేతులూపుతున్నారు. తనూ ఊపాడట. వాళ్లు వెళ్లిపోయేదాకా లోపలే కూర్చున్నాడు. దండలేసి పంపిండ్రు, ఏ మొఖం పెట్టుకొని పోతనక్కా అంటాడు. ఇక్కడే చాయ్ పోస్తూ, దుబాయ్ టైం చూసుకుని భార్య కనీజ్‌కి నెట్ కాల్ చేస్తుంటాడు.

ఆయన కళ్ల ముందే పోస్టు తీసేశాను. ఫోన్‌లోదీ, కెమెరా కార్డులోదీ కూడా. పేజీలో ఉన్నది మాత్రం నా చేతిలో లేదు.

18 నవంబర్
తీసేయమంటే పేజీ అడ్మిన్ జవాబు: పబ్లిక్ ప్లేస్ కదా ఝాన్సీ మేడమ్, మీరే అన్నారుగా.

20 నవంబర్, ఉదయం
పేజీలో ఫోటో కింద నా పేరు చూసి కనీజ్ మెసేజ్ పెట్టింది. గడ్డం పెంచిండు గని అచ్చం మా ఆయన లెక్కనే ఉన్నడక్కా, ఏడ తీసినవ్ అని. నిజం చెబితే ఆయన పరువేం కాను? చెప్పకపోతే ఈమె గతేంటి? ఫోన్ బ్యాగులో పడేసి ఆఫీసుకి బయల్దేరాను.

మధ్యాహ్నం
కనీజ్ చూసిందని ఆయనకి ముందే చెబుదామని బండి దగ్గరికి పరుగెత్తాను. ఇంకెవరో కుర్రాడు చాయ్ పోస్తున్నాడు. పొద్దున తౌఫీక్‌కి ఇంటి నుంచి ఫోన్ మీద ఫోన్ వచ్చిందట. ఎత్తలేదట. చూసి చూసి, ఆఫ్ చేసి, బ్యాగు పట్టుకుని పోయిండు అన్నాడు. ఎక్కడికో చెప్పలేదట. ఇంటికి ఎలాగూ పోలేడు, ఆ దుబాయ్ కూడా లేకుండా చేశాను. తిరిగి ఆఫీసుకి వెళ్లబుద్ధి కాలేదు.

23 నవంబర్
కనీజ్‌కి ఉన్నదంతా రాసేశాను. తిట్టలేదు. దుబాయ్ లేకుంటే పాయె, మనిషి ఇంటికొస్తే సాలు అంది. ఆ ముక్క ఆయనకెవరు చెప్పాలి? తిట్టినా బాగుండేది.

25 నవంబర్
పేజీవాళ్లు ఇవాళ ఫోటో తీసేశారు, నా మాట మన్నించి.

సాయంత్రం కనీజ్ మెసేజ్: దవాఖానలల్ల, బస్టాండ్లల్ల చూపిస్త, గడ్డంతోని ఉన్న ఫోటో పంపక్కా.

నా దగ్గర లేదు.