మగ్గం గుంట కాడి గోల్ఫు

గద్వాల, ఆదివారం

మనవరాలు స్రవంతి అన్నది తప్పు. శనివారం నన్ను గోల్ఫ్ క్లబ్బుకు తోల్కపోతనని చెప్పి, "అమ్మమ్మా, నీకు గోల్ఫ్ తెల్వదు కదా, క్లబ్బుల చెరువు చూసుకుంట కూసో" అన్నది. ఏంది తెల్వనిది? చిన్నప్పుడు నాయిన మగ్గం మీదికెల్లి అన్నానికి లేస్తే చాలు, నేనూ అన్నా విరిగిన కర్రతోని నూలు ఉండను కొట్టి, ఆయన కాళ్లు పెట్టే గుంటల వేస్తుంటిమి. దొరికితే అన్న నా దిక్కు చూపెట్టేటోడు. చాడీలకోరు!

ఆ అన్నే ఇప్పుడు వనపర్తిల, చూపు తగ్గిందని గడప దాటుతలేడు. నువ్వు గూడ క్లబ్బుకు రా అని ఫోన్ చేస్తే, "రాను చెల్లే, బంతే కనవడదు, నవ్వులపాలైత" అన్నడు.

"గుంట నేను చూపిస్త, నువ్వు కొట్టు. ఓడినంక ఏడువు."

"కర్ర ఎవలిస్తరు?" అని అడిగిండు.

శనివారం అన్నను గూడ తీస్కొని క్లబ్బుకు పోతున్నం. రేపు పొద్దున్నే బజార్ల ఎర్ర నూలు కొనాలె, తెల్ల బంతికి చుట్టాలె. ఎరుపైతే అన్న కంటికి ఇంకా ఆనుతది.